నాయిన ఎక్కని బండి

తాండూరు
6 జూలై 2025, ఆదివారం

తమ్ముడు నర్సింలుకు, అక్క అంబిక కోపంతో రాస్తున్నది.

నిన్న పొద్దున నీ నంబరు నా ఫోనులో బంద్ చేశాను. నాలుగైదుసార్లు చేసి చూసుంటావు. ఫోనులో అయితే నేను సగం మాట అనేలోపే "అక్కా, జర ఇను" అని నువ్వు అందుకుంటావు, ఇక అక్కడి నుంచి నేను వినడమే అవుతుంది. ఉత్తరానికి అలా అడ్డు తగల్లేవు. ఇరవై రెండేళ్లుగా తపాలా ఆఫీసులో ఊరివాళ్ల ఉత్తరాలకు ముద్రలు కొడుతున్నాను, నా కోసం ఒకటి రాసుకుంటే తప్పు లేదు. నీకేమన్నా చెప్పాలని ఉంటే నువ్వూ రాయి.

శుక్రవారం మధ్యాహ్నం మా ఆఫీసులో పద్మారాణి టిఫిన్ డబ్బా మూత తీస్తూ, "మేడమ్, గీయన మీ తమ్ముడే గద" అని ఫోను నా ముందు పెట్టింది. చూస్తే నువ్వే. వికారాబాద్‌లో మీ ఇంటి ముందు రేకుల షెడ్డు, అందులో ఒక ఆకుపచ్చ మోటారు సైకిలు, దాని ట్యాంకు మీద చెయ్యేసి నువ్వు. "గిది మా నాయిన బండి. యాభై ఏండ్ల కిందటిది. మూలకు పడి తుప్పు పడుతుంటే నా చేతులతోని మల్ల పానం పోసిన" అని చెబుతున్నావు. మధ్యలో కళ్లు కూడా తుడుచుకున్నావు.

ఏ నాయిన నర్సింలూ? ఎవరి నాయిన? మన నాయిన మల్లప్ప బతికినన్నాళ్లూ గొర్రెల వెనక నడిచినవాడు. సైకిలు తొక్కడం కూడా రాదు. బస్సెక్కితే వాంతి చేసుకునేవాడు. "మంద ముందల, మనిషి ఎనుక. ఎక్కి పోయెటోనికి కుంటి గొర్రె కండ్లబడదు" అని ఎన్నిసార్లు చెప్పలేదు మనకు? నాలుగేళ్ల కింద పోయిన మనిషికి ఇప్పుడు బండి కొనిచ్చావా?

పద్మారాణి "మీ నాయిన మస్తు షోకు మనిషి ఉన్నట్టుండె" అంది. నేను అవుననలేదు, కాదనలేదు. నా డబ్బాలోది కుక్కకు పెట్టి వచ్చి కూర్చున్నాను. అప్పటి నుంచి నిన్ను తలుచుకుంటే కంపరంగా ఉంది.

ఆ వీడియో తీసెయ్. అమ్మకు మాత్రం చూపించకు. ఈ మధ్య అమ్మకు పేర్లు తప్పిపోతున్నాయని మీ ఆవిడ స్నేహలత చెప్పింది.

బావకు దగ్గు తగ్గలేదు. బండల పాలిష్ దుమ్ము మా వీధిలో అన్నం మీద కూడా పడుతుంది.

అంబిక


వికారాబాద్
15 జూలై 2025

అక్కా,

నీ కవరు ఇస్తూ పోస్ట్‌మన్ "ఏంది సారూ, కోర్టు కాయితమా?" అని అడిగాడు. అంత ఒత్తి రాశావు, అక్షరాలు వెనక పేజీలోకి పొడుచుకొచ్చాయి. బావకు మిరియాల కషాయం పెట్టు.

తిట్టేముందు సంగతి విను. మా ఇల్లు అనంతగిరి పోయే రోడ్డు మీదే కదా. శని, ఆదివారాలు హైదరాబాద్ నుంచి బండ్లు గుంపులుగా వస్తాయి. వాటిలో పాతకాలపు తీరువి కనబడితే నాకు కాలు నిలవదు. ఐటీఐలో పిల్లలకు పదిహేనేళ్లుగా ఆకురాయి పట్టడం, ఇనుము కోయడం నేర్పుతున్నాను. నా చేత్తో నాకంటూ ఒక్క వస్తువు చేసుకోలేదు. పరిగిలో ఒక ఎరువుల దుకాణం వెనక పదమూడేళ్ల బండి ఒకటి పడి ఉంటే తెచ్చుకున్నాను. వెనక తోక కోసేసి సీటు సమంగా, పొడుగ్గా చేశాను. చక్రాలు మార్చి స్పోకులవి వేశాను. ట్యాంకు పాత ఇనుప సామానులో దొరికింది, చింతపండు పులుసు పోసి మూడు రోజులు నానబెడితే లోపల తెల్లగా తేలింది. గుండ్రటి హెడ్‌లైటు పెట్టాను, ట్యాంకుకు రెండు పక్కలా మోకాళ్లు ఆనించుకునే రబ్బరు దిండ్లు అతికించాను. ఆకుపచ్చ రంగు నాలుగు పూతలు. ఎనిమిది నెలల పని అక్కా.

అంతా అయ్యాక చూస్తే పెళ్లికొడుకులా మెరుస్తోంది. పాతదనం రావాలంటే తుప్పు ఉండాలి. ఉప్పునీళ్లలో వెనిగర్ కలిపి మడ్గార్డు అంచులకు పట్టించాను. నాలుగు రోజుల్లో యాభై ఏళ్ల తుప్పు వచ్చింది.

ఇక ఆ మాట సంగతి. ఇక్కడ పాత బండ్లవాళ్ల సంఘం ఒకటుంది. దాని పెద్ద మహిధర్ గారని, భూములున్న కుటుంబం, చూడటానికి వచ్చి "ఎవరిది నర్సింలూ, మీ నాయినదా?" అన్నాడు. "అవును సార్" అనేశాను. ఎందుకన్నానో ఇప్పటికీ తెలియదు. ఆయన చెప్పులు విడిచి బండికి దండం పెట్టాడు. మన నాయినకు ఆ ఇళ్లవాళ్లు ఎప్పుడైనా దండం పెట్టారా అక్కా? ఆ తర్వాత కాదని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

అమ్మ బాగానే ఉంది. షెడ్డు దగ్గర పీట వేసుకుని బియ్యంలో రాళ్లు ఏరుతుంది. ఇంజను స్టార్టు చేస్తే నవ్వుతుంది.

ఒకసారి వచ్చి చూడు. చూస్తే నీ కోపం పోతుంది.

నీ తమ్ముడు
నర్సింలు


తాండూరు
24 జూలై 2025

నర్సింలూ,

తాడిచెట్టు ఎందుకెక్కావురా అంటే దూడగడ్డికని అన్నాడట. అలా ఉంది నీ జవాబు. ఎవడో దండం పెట్టాడని తండ్రిని మార్చుకుంటావా?

తుప్పు గురించి చదివి కాగితం కింద పడేశాను. నాయిన బొచ్చు కత్తెరకు రోజూ ఆముదం రాసి గుడ్డలో చుట్టేవాడు, గుర్తుందా? కత్తెర తుప్పు పడితే గొర్రె తోలు తెగుతుందని. ఒకసారి నేను దాన్ని వానలో మరిచిపోతే రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఆయన కొడుకువి నువ్వు, మంచి ఇనుముకు ఉప్పు పెట్టి తుప్పును సాకుతున్నావు. ఇంతకంటే రోత పని నేను వినలేదు.

ఇప్పుడు అసలు మాట. మొన్న యాలాల్ బస్సులో గోవిందమ్మ చిన్నమ్మ కలిసింది. మీ ఇంటికొచ్చి చూసి పోయిందట. "మీ నాయిన గొంగడి కత్తిరించి సీటుకు కుట్టిచ్చిండు బిడ్డా మీ తమ్ముడు. నల్లగ, ముతకగ, అచ్చం గదే" అంది. ఆ గొంగడి మీద కూర్చునే అమ్మానాయినల పెళ్లయింది. మన ఇద్దరినీ పుట్టిన పదకొండో రోజు దాని మీదే పడుకోబెట్టారు. దాన్ని కత్తిరించి దాని మీద నీ పిర్రలు పెడతావా? ఛీ.

నాయినకు బండి ఉండి ఉంటే ఏమయ్యేదో చెబుతాను, విను. నాకు ఏడేళ్లు. మంద అప్పుడు సరిహద్దు అవతల, కన్నడ రైతుల పొలాల్లో ఎరువుకు పెట్టి ఉంది. జ్వరంతో నాకు కళ్లు తేలిపోయాయి. వానలకు బస్సులు బంద్. నాయిన నన్ను భుజాల మీద ఎక్కించుకుని, పైన గొంగడి కప్పి, తాండూరు ఆస్పత్రి దాకా నడిచాడు. ఆరు కోసుల నేల, దాదాపు ఇరవై కిలోమీటర్లు. కాగ్నా ఏరు నడుముదాకా వచ్చింది. నల్లరేగడి అంటుకుని చెప్పులు బరువెక్కితే విడిచి చంకలో పెట్టుకున్నాడు. నేను ఆయన జుట్టు పట్టుకుని ఉన్నాను. వెనక అమ్మ, నీళ్ల చెంబుతో. నువ్వు అప్పటికి ఆమె కడుపులో ఐదు నెలలు. ఆస్పత్రి మెట్ల మీద నన్ను దించాక, నర్సు మొదట చూసింది నన్ను కాదు, నెత్తురు కారుతున్న ఆయన అరికాళ్లను.

నన్ను ఎవరూ అంతగా మోయలేదు నర్సింలూ, కట్టుకున్నవాడు కూడా. ఈ సంగతి తెలిసినవాళ్లం ఇప్పుడు అమ్మా నేనూ ఇద్దరమే. నీ బండి ఆ దారికి అడ్డంగా నిలబడింది. పక్కకు తీయి.

అంబిక


వికారాబాద్
10 ఆగస్టు 2025

అక్కా,

నీ ఉత్తరం చదివి మూడు రోజులు రాయలేదు. రాస్తే నేనూ తిట్టేవాణ్ని.

గొంగడి అమ్మ పెట్టెలో ఉంది. కలరా ఉండలు వేసి, మడత పెట్టి. సీటుకు వేసింది లారీ సరుకు మీద కప్పే తాడిపత్రి గుడ్డ, పాత మసి నూనెతో నల్లగా చేశాను. గోవిందమ్మ చిన్నమ్మకు కంటి ఆపరేషన్ అయిందని నీకూ తెలుసు. ఒక్క మాట నన్ను అడిగి తిట్టి ఉంటే బాగుండేది. ఛీ అనేశాక నిజం తెలిసినా ఆ మాట వెనక్కి రాదు కదా.

నిన్ను మోశాడు. సరే. నన్ను మోసిన గుర్తు నాకు ఒక్కటీ లేదు. నాకున్న గుర్తు వేరు. తాండూరు హైస్కూల్లో ఎనిమిదో తరగతి. ఫీజు కట్టని పిల్లల తండ్రులను పిలిపించారు. అందరి తండ్రులూ బండ్ల మీద వచ్చి గేటు ముందు దిగారు. మన నాయిన నడిచి వచ్చాడు, మోకాళ్లదాకా దుమ్ము, ఒంటి నిండా మంద వాసన. "మా నర్సింలు గీ బడేనా?" అని గేటు దగ్గర అడుగుతుంటే నేను నీళ్ల తొట్టి వెనక దాక్కున్నాను. సార్లు లేడని చెప్పి పంపేశారు. వచ్చిన దారినే నడిచి పోయాడు. ఇంటికి పోయాక ఒక్క మాట కూడా అడగలేదు.

ఈ బండి చేస్తున్నన్నాళ్లూ నాకు ఒకటే ఊహ అక్కా. నాయిన దీని మీద వచ్చి ఆ గేటు ముందు దిగినట్టు, నేను తొట్టి వెనక నుంచి ఉరికి వచ్చినట్టు. అది అబద్ధమని నాకూ తెలుసు. అయినా ఆ ఊహ వచ్చిన రోజు చెయ్యి బాగా సాగేది.

డిసెంబర్‌లో అనంతగిరి మీద సంఘం సభ ఉంది. బండితో పాటు పాత యజమాని ఫోటో పెట్టాలి. మా దగ్గర చదివిన ఒక పిల్లగాడు నాయిన ఆధార్ ఫోటో పెట్టి, ఆయన ఈ బండెక్కి కూర్చున్నట్టు కంప్యూటర్‌లో ఒక బొమ్మ చేసిచ్చాడు. నలుపు తెలుపులో అచ్చం ఆ కాలందే. ఒకటి నీకు పంపుతున్నాను. అమ్మ చూసింది. చాలాసేపు చూసింది.

నాయిన నవ్వుతున్నాడు చూడు. ఆయన నవ్విన ఫోటో మనకు ఒక్కటన్నా ఉందా?

నర్సింలు


తాండూరు
19 ఆగస్టు 2025

నర్సింలూ,

గొంగడి విషయంలో నాదే తప్పు. అది అక్కడితో వదిలెయ్.

ఫోటో ఈ కవరులోనే తిప్పి పంపుతున్నాను. చించుదామని పట్టుకున్నాను, ముఖం ఆయనదైపోయింది, చేతులు రాలేదు. కానీ దాన్ని ఇంట్లో ఉంచుకోలేను. ఒంటి మీద బల్లి పడ్డట్టుంది.

కాళ్లకు బూట్లు వేశారు. నాయిన కాళ్లకు బూట్లు! ఆ మడమల పగుళ్లలో అమ్మ మైనం కరిగించి పోసేది, ఆ కాళ్లు ఏ బూటులో పడతాయి? ఎడమ చేతికి గడియారం పెట్టారు. పైవరుసలో రెండు పళ్లు పొట్టేలు కుమ్మి ఊడిపోతే ముప్పై ఏళ్లు అలాగే ఉన్నాడు, మీ యంత్రం ముప్పై రెండు పళ్లూ కట్టించింది. ఆయన నవ్విన ఫోటో లేదన్నావు, నిజమే. పళ్లు లేవని మూతికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వేవాడు కనుక లేదు. నీ బొమ్మలో నవ్వేవాడు ఎవడో నాకు తెలియదు. వాడు మన ఇంటి మనిషి కాదు.

బడి సంగతి చదివాను. జాలి పడలేదని అబద్ధం చెప్పను. కానీ నువ్వు తొట్టి వెనక నుంచి ఇంకా బయటికి రాలేదు. అప్పుడు ఆయన్ని గేటు నుంచి వెనక్కి పంపావు, ఇప్పుడు ఆయన బదులు షోకైన ఇంకొకణ్ని పిలిపించుకుంటున్నావు. సిగ్గుపడ్డ పిల్లవాణ్ని క్షమించవచ్చు. నలభై రెండేళ్ల వాణ్ని ఎట్లా క్షమించాలి?

పెద్దలకు పెట్టే పెత్రమాసకు నేను రాను. అదే రోజు ఎంగిలిపూల బతుకమ్మ అని చెప్పుకోవచ్చు, కానీ అసలు కారణం నీ మొహం చూడలేకపోవడమే. నాయిన విస్తరి పక్కన ఆయన కిర్రుచెప్పులు, కట్టె పెట్టడం మరిచిపోకు. పోయినవాళ్లు రోజూ వాడినదే పెట్టాలి, కొత్తవి పెడితే గుర్తుపట్టి రారని మన ఇంట్లో అంటారు.

అంబిక


వికారాబాద్
24 సెప్టెంబర్ 2025

అక్కకు,

మంచి వార్తతో మొదలుపెడతాను. అమ్మ మాట్లాడుతోంది. నాలుగు నెలలుగా అడిగినదానికి ఊ అనడమే కానీ, ఇప్పుడు పొద్దున లేస్తే ముచ్చట్లే. స్నేహలత ఆశ్చర్యపోతోంది.

పెత్రమాస నాడు జరిగింది చెబుతాను, నీకెవరో చెప్పేకంటే నేను చెప్పడమే నయం. చెప్పులు అటక మీది నుంచి దింపితే ఒకదాన్ని ఎలుకలు కొరికేశాయి. కట్టె ఉంది. అదే సమయానికి మహిధర్ గారు, సంఘం వాళ్లు నలుగురు పండుగని పలకరించడానికి వచ్చారు. వాళ్ల ముందు కొరికిన చెప్పు విస్తరి పక్కన పెట్టలేకపోయాను. బండి తాళంచెవి తీసి పెట్టాను. బండిని వాకిట్లో నిలబెట్టి బొట్టు పెట్టాను.

అమ్మ గడప దగ్గర కూర్చుని చూస్తోంది. ముందు విస్తరిని చూసింది, తర్వాత తాళంచెవిని, తర్వాత బండిని. "గదే అనుకుంటున్న. నడిసి నడిసి యాష్టపడ్డడేమో అని పరేషాన్ అయితుండె నాకు. ఆయనకు బండి ఉండె గద!" అంది. అంత తేలికైన ముఖం ఆమెకు ఎన్నడూ చూడలేదు. ఆ క్షణంలో కాదని చెప్పాల్సింది. చెప్పలేదు. నిజం చెబితే, నాకు సంతోషమే అయింది.

స్నేహలతకు కుట్టు శిక్షణ మోమిన్‌పేటలో ఒక నెల. నాకు పరీక్షలు. దసరా అయ్యాక అమ్మను నీ దగ్గరికి తెచ్చి దింపమని బామ్మర్దికి చెప్పాను. ఒక నెల చూసుకో. తన సంచీలో ఆ ఫోటో పెట్టుకుంది. వద్దన్నా వినలేదు.

కోపంలో ఉన్నా దీపావళి పిండివంట మాత్రం దాచిపెట్టు.

నర్సింలు


తాండూరు
12 అక్టోబర్ 2025

నర్సింలూ,

అమ్మ వచ్చి వారమైంది. తిండి, నిద్ర బాగున్నాయి. మిగతాది చెబుతాను, విను.

నిన్న ఆఫీసుకు సెలవు పెట్టాను. అమ్మకు తల దువ్వుతూ, ఏదో మాట మీద, "నాకు జ్వరమొచ్చినప్పుడు నాయిన తాండూరుకు తెచ్చిండు, యాదికుందా అమ్మా?" అన్నాను. "లేకేం బిడ్డా" అంది. నా ప్రాణం లేచి వచ్చింది. తర్వాత చెప్పింది. "నిన్ను టాంకి మీద కూసుండబెట్టుకున్నడు. నేను ఎనుక కూసున్న. కాగ్న నీళ్లల్లకెళ్లి బండి గిట్ల సర్రున వచ్చె. గడియల దవాఖానకు చేరినం."

దువ్వెన కింద పెట్టాను. "కాదమ్మా, భుజాల మీద. నడిచిండు. కాళ్లు పగిలి నెత్తురు వచ్చె. నువ్వు నీళ్ల చెంబు పట్టుకొని ఎనుక నడిచినవు" అన్నాను. నా చెంప నిమిరి, "నువ్వు చిన్నదానివి, జరం మత్తుల ఉంటివి. నీకేం ఎరుక" అంది. "పెత్రమాసకు ఆయన పక్కన తాళంచెయ్యి పెట్టలేదా? ఆడ అబద్దం పెడ్తరా ఎవలన్న?"

విన్నావా? అదే ఆమె సాక్ష్యం. విస్తరి పక్కన అబద్ధం పెట్టరు. మనింట్లో ఇన్నేళ్లలో ఎవరూ పెట్టలేదు, నువ్వు పెట్టావు. వీడియో పెడితే ఊరు నమ్మింది, పోనీ. అక్కడ పెట్టావు కనుక అమ్మ నమ్మింది.

నా నడక పోయింది నర్సింలూ. ఆయన మోసిన బరువు, ఆ నెత్తురు, ఆ నీళ్ల చెంబు, అన్నీ నీ సర్రున పోయే బండి కింద పడ్డాయి. నిన్ను కడుపులో మోస్తూ ఆరు కోసులు నడిచిన తల్లిని వెనక సీటు మీద కూర్చోబెట్టావు.

ఫోటో ఆమె నిద్రలో ఉండగా తీసి ఇందులో పెడుతున్నాను. నువ్వు వచ్చి, నీ నోటితో, ఆమె ముందు కూర్చుని, నాయినకు బండి లేదని చెప్పు. చెప్పేదాకా నాకు తమ్ముడు లేడు.

అంబిక


వికారాబాద్
25 అక్టోబర్ 2025

అక్కా,

గురువారం వచ్చాను. నువ్వు ఆఫీసులో ఉన్న వేళ చూసుకునే వచ్చాను, నీ ముందు చెప్పే ధైర్యం లేక. బావ తలుపు తీసి బయటికి వెళ్లిపోయాడు.

అమ్మ ముందు కింద కూర్చున్నాను. "అమ్మా, నేను అబద్దం చెప్పిన. నాయినకు బండి లేకుండె. గది నేను చేసిన బండి, పోయిన ఏడాది చేసిన. ఫోటో దొంగ ఫోటో. తాళంచెవి నేనే పెట్టిన" అన్నాను. రెండుసార్లు చెప్పాను. మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక నా మొహం మీద ఉమ్మింది. "కన్నతండ్రికి ఇంత బండి ఉంటె ఓర్వలేవా? సచ్చినంక గుంజుకుంటవా?" అంది. నేను తుడుచుకోలేదు.

తర్వాత నెమ్మదిగా, "అయితే నడిసే వచ్చెటోడా?" అంది. "నడిసే అమ్మా" అన్నాను. "మరి బండి మీద వచ్చెటాయన యాడికి వోయిండు?" అంది. నువ్వు వచ్చేలోపు బస్సెక్కేశాను.

నువ్వు అడిగింది చేశాను. వీడియో తీసేశాను. మహిధర్ గారికి ఫోను చేసి నిజం చెప్పాను, ఆయన "ఛ, ఛ" అని పెట్టేశాడు. రెండు అక్షరాలే, కానీ నీ ఉత్తరాలన్నిటికంటే ఎక్కువ తగిలాయి. సభకు పోను. శుక్రవారం బండి మొత్తం విప్పేశాను. ఇంజను ఒక మూల, ట్యాంకు ఒక మూల. మడ్గార్డుకు పెట్టిన తుప్పు ఎమెరీ కాగితంతో గీకుతుంటే కింద కొత్త ఇనుము తెల్లగా వచ్చింది. దాన్ని చూసి నా మీద నాకే అసహ్యం వేసింది.

ఫోటో నా దగ్గర ఉంది. ఏం చేయమంటావు? కాల్చమంటే కాలుస్తాను.

నర్సింలు


తాండూరు
3 నవంబర్ 2025

తమ్ముడు నర్సింలుకు,

ఫోటో కాల్చకు. ఈ ముక్క ముందు చదివి, తర్వాత మిగతాది చదువు.

నువ్వు వచ్చిపోయిన రోజు నుంచి అమ్మ సరిగా తినలేదు. జొన్నరొట్టె పాలలో తుంచి పెట్టినా రెండు ముద్దలకు మొహం తిప్పుకుంది. పొద్దున్నుంచి గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంటోంది. వీధిలో బండి చప్పుడైతే లేచి నిలబడుతుంది. అది దాటిపోతే మళ్లీ కూర్చుంటుంది. బండల లారీలకు కూడా లేస్తోంది.

నేను ఊరుకోలేదు. నువ్వు సగం చెప్పి పారిపోయావు కదా, మిగతా సగం నేను చెబుదామని కూర్చున్నాను. మంద సంగతి చెప్పాను, కట్టె, చెప్పులు, పగిలిన మడమలు, ఊడిన పళ్లు, అన్నీ. ఆమెకు కట్టుకున్న మొగుడు మళ్లీ దొరుకుతాడని. చివరిదాకా శ్రద్ధగా విన్నది. విని, పరాయి ఇంటి ముచ్చట విన్నట్టు, "పాపం. ఎవలు బిడ్డా ఆ నడిసెటాయన? నాకెరుకైతలేడు" అంది.

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది. నీ అబద్ధం ఆమె దగ్గర బండెక్కిన నాయిననన్నా ఉంచింది. మన నిజం ఎవర్నీ మిగల్చలేదు. ఈ వాక్యం రాయడానికి నాకెంత ఏవగింపుగా ఉందో నీకు తెలియాలి.

నిన్న సాయంత్రం గేటు దగ్గర నా కొంగు పట్టుకుని అడిగింది. "నిన్ను దవాఖానకు ఎట్ల తెచ్చిండు బిడ్డా? ఒక్కపారి చెప్పు, యాదికి వస్తలేదు." చెప్పాను. "టాంకి మీద కూసుండబెట్టుకొని తెచ్చిండమ్మా. నువ్వు ఎనుక కూసున్నవు. కాగ్నల సర్రున వచ్చినం." ఆమె ముఖం విచ్చుకుంది. లోపలికి వచ్చి రెండు రొట్టెలు తిన్నది. నేను పెరట్లోకి పోయి ఉప్పునీళ్లతో నోరు పుక్కిలించాను. ఇంకా చేదుగానే ఉంది.

నిన్ను క్షమించానని అనుకోకు. నీ మీద రోత అట్లాగే ఉంది, ఇప్పుడు అందులో నాకూ వాటా ఉంది. నీ నంబరు మాత్రం మళ్లీ తెరిచాను, అమ్మ నీతో మాట్లాడాలంటోంది.

ఫోటో స్పీడ్ పోస్టులో పంపు. బండి బిగించు. ఆదివారం నువ్వే నడుపుకుంటూ వచ్చి గేటు ముందు ఆగు, అమ్మను వెనక కూర్చోబెట్టి కాగ్నా వంతెన దాకా తిప్పి తీసుకురా. ఒక్క సంగతి. నాయిన బండి ఎర్రదని అమ్మ అంటోంది, ఆ మాట మీద గట్టిగా ఉంది. నీది ఆకుపచ్చ. ఎర్ర రంగు వేసి తీసుకురా.

నీ అక్క
అంబిక